ఓపిక ఖర్చు ఎవరిది?



రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. సర్కారు సొమ్ము స్వచ్ఛంద సంస్థల చేతుల మీదుగా పేద ఇళ్లకు చేరే దారి ఒకటి ఆ బోర్డుతో ఏర్పడింది. కచేరీకి చేతకాని పనులు, బజారుకు గిట్టని పనులు కొన్ని ఉంటాయని, వాటిని తలకెత్తుకోవడానికి వేరే మనుషులు కావాలని ఆమె తరం నమ్మింది. పేదల చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే సంస్థల గురించి మాట్లాడేటప్పుడు ఆ నమ్మకం దగ్గరే మొదలుపెట్టడం న్యాయమనిపిస్తుంది. గత ముప్పై ఏళ్లలో తెలుగు నేల ఈ సంస్థల మీద ఎంత ఆశ పెట్టుకుందో అంత దెబ్బా తిన్నది. నేను చెప్పదలచుకున్నది ఒకే మాట. చిన్న వ్యాపారికి కావలసింది ఆగగలిగిన అప్పు: పంట చేతికొచ్చేదాకా, గేదె ఈనేదాకా, సరుకు అమ్ముడై డబ్బు తిరిగొచ్చేదాకా ఆగే అప్పు. అలా ఆగడానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు వల్ల పుట్టే లాభం అప్పు తీసుకున్న మనిషికి చేరుతుంది గాని అప్పిచ్చినవాడి పెట్టెలోకి రాదు. అందుకే లాభం చూపించాల్సిన కంపెనీ ఆ ఖర్చుకు సిద్ధపడదు. దాన్ని భరించడానికే లాభాపేక్ష లేని సంస్థ ఉండాలి. అది కూడా భరించకపోతే, పేరు సొసైటీ అయినా ట్రస్టు అయినా, దానికీ కంపెనీకీ తేడా లేదు.

మన గోదావరి డెల్టానే తీసుకుందాం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువ కింద సార్వా, దాళ్వా రెండు పంటలు స్థిరపడ్డాయి; వాటి పక్కన రైసు మిల్లులు, కొబ్బరి తోటలు, కడియం నర్సరీలు, భీమవరం వైపు చేపల రొయ్యల చెరువులు పెరిగాయి. డబ్బు తిరగని నేల కాదిది. ఆ డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ షరతు మీద పోతుందో చూస్తే పేదరికం ఎందుకు వదలదో తెలుస్తుంది. ఇందుకు నర్సాపురం, పాలకొల్లు ప్రాంతపు లేసు పని కంటే మంచి సాక్ష్యం నాకు కనబడలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ అల్లిక వేలాది ఇళ్లలో ఆడవాళ్ల చేతిపనిగా పాతుకుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఇక్కడ పరిశోధన చేసి 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం తెచ్చారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే స్త్రీకి దక్కేది చట్టం చెప్పిన కనీస కూలిలో చిన్న భాగమేనని అందులో లెక్క తేల్చారు. అల్లినది విదేశాలకు పోయేది. అల్లిన మనిషిని మాత్రం కార్మికురాలిగా ఎవరూ లెక్కపెట్టలేదు. ఖాళీ సమయంలో అల్లుకునే ఇల్లాలిగానే చూశారు.

ఈ కథలో అప్పు గురించి ఆలోచించేవాళ్లు పట్టించుకోవలసిన సంగతి ఒకటుంది. లేసు అల్లే ఇంటికి పెట్టుబడి కరువు లేదు. దారం ఏజెంటే తెచ్చిస్తాడు, అల్లిన ముక్క అతనే తీసుకుపోతాడు. పెట్టుబడి గుమ్మం దాకా నడిచి వస్తుంది. దానితో పాటు ధర నిర్ణయించే హక్కూ అతనితోనే వచ్చి అతనితోనే పోతుంది. ఇప్పుడు ఈ స్త్రీకి ఎవరో వచ్చి పదివేలు అప్పిచ్చారనుకోండి. ఆమె సొంతంగా దారం కొనగలదు. కాని అల్లడానికి వారాలు పడుతుంది, నచ్చే కొనుగోలుదారు దొరకడానికి ఇంకొన్ని వారాలు, అతను డబ్బు పంపడానికి ఇంకొంత కాలం. అప్పు కిస్తీ మాత్రం వచ్చే వారమే మొదలవుతుంది. ఆ కిస్తీ ఇంటాయన కూలి డబ్బులోంచో, పక్కింటి చేబదులులోంచో కట్టాలి. రెండు మూడు నెలలు అలా నెట్టుకొచ్చాక ఆమె మళ్లీ ఏజెంటు దగ్గరికే వెళ్తుంది. ఈసారి నెత్తిన కొత్త అప్పు కూడా ఉంటుంది. ఆమెకు సొమ్ము అందింది. దానితో పాటు రావలసిన గడువు అందలేదు, ఏజెంటును దాటి పోయే దారీ అందలేదు.

ఇది నా ఊహ మాత్రమే అని ఎవరైనా అనవచ్చు. అందుకే మన దగ్గరే పుట్టిన ఒక సంస్థ తన మీద తాను చేయించుకున్న పరీక్ష చెబుతాను. విజయ్ మహాజన్, ఆయన సహచరులు 1996లో హైదరాబాద్ కేంద్రంగా బేసిక్స్‌ను ప్రారంభించారు. అయిదేళ్ల తర్వాత, 2001లో, తమ అప్పుల వల్ల జనానికి ఏం ఒరిగిందో వాళ్లు సర్వే చేయించారు. మూడేళ్లకు పైగా తమ దగ్గర అప్పు తీసుకుంటున్నవాళ్లలో 52 శాతం మందికి ఆదాయం పెరిగింది, 25 శాతం మందికి మారలేదు, 23 శాతం మందికి తగ్గింది. అప్పులిచ్చే సంస్థ ఈ అంకెలు దాచుకోకుండా బయటపెట్టడం చిన్న విషయం కాదు. ఆ నిజాయితీకి మనం ఇప్పటికీ ఋణపడి ఉన్నాం. ఎందుకిలా అయిందని వెతికితే మూడు కారణాలు తేలాయి. గొడ్డు చచ్చినా పంట పోయినా ఆదుకునే ఏర్పాటు లేకపోవడం, దిగుబడి తక్కువ కావడం, కొనేచోటా అమ్మేచోటా బేరమాడే బలం లేకపోవడం. ఆ తర్వాత బేసిక్స్ అప్పుతో పాటు బీమా, పశువైద్యం, సాగు సలహా, ఉత్పత్తిదారుల సంఘాలు జతచేసింది. ఈ పనులన్నీ చేయడానికి మనుషులు కావాలి, ఆ మనుషులకు జీతాలివ్వాలి. వడ్డీలోంచి అదంతా రాబట్టడం ఎంత కష్టమో వాళ్లకు తెలిసొచ్చింది.

తర్వాతి సాక్ష్యం హైదరాబాద్ బస్తీల నుంచి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు కలిసి 104 బస్తీలు తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం వాటిలో ముందుగా సూక్ష్మరుణాలిచ్చే స్పందన సంస్థ శాఖలు తెరిచేలా చూసి, రెండు భాగాలనూ పోల్చారు. ఏడాదిన్నర దాటేసరికి సగటు కుటుంబ ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో కూడా కనబడలేదు. కాని అప్పు రాకముందే ఏదో ఒక వ్యాపారం నడుపుకుంటున్నవాళ్లు పెట్టుబడి పెంచారు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే, అప్పులిచ్చే సంస్థలు మూతబడ్డాక కూడా ఆ పాత వ్యాపారుల ముందంజ చెరిగిపోలేదు. సూక్ష్మరుణం దండగ అనేవాళ్లు ఈ అధ్యయనంలో మొదటి సగం చెబుతారు, అద్భుతం అనేవాళ్లు రెండో సగం చెబుతారు. రెండూ కలిపి చదివితే నాకు తోచేది వేరు. అప్పు మనిషిలో వ్యాపారాన్ని పుట్టించదు. ఉన్న వ్యాపారంలో ఆ మనిషి నిలబడ్డ చోటును కొంచెం పైకి జరపగలదు, అదీ షరతులు ఆ వ్యాపారానికి సరిపడితేనే.

షరతుల మాట వచ్చింది కాబట్టి కాస్త లెక్క చూద్దాం. పదివేలు అప్పిచ్చి, వారానికి 230 రూపాయల చొప్పున 50 వారాలు కట్టమంటే మొత్తం 11,500 అవుతుంది. వడ్డీ 15 శాతమే అని చెబుతారు. కాని అసలు వారం వారం తగ్గుతూ పోతుంది కాబట్టి, తగ్గే బాకీ మీద లెక్కిస్తే అది ఏడాదికి 29 శాతం దాటుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36. అంటే ఊళ్లో వడ్డీ వ్యాపారికీ దీనికీ మధ్య జనం అనుకున్నంత దూరం లేదు. అయినా వడ్డీ శాతం కంటే ఆ వారం అన్న గడువే నన్ను ఎక్కువ బాధిస్తుంది. టిఫిన్ బండికి, కూరగాయల బండికి, చిన్న కిరాణా కొట్టుకు రోజూ చిల్లర చేతిలో పడుతుంది. వారం కిస్తీ వాటికి బరువు కాదు. కంపెనీలు అక్కడ బాగానే పనికొచ్చాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కౌలురైతుకు మాత్రం సార్వా కోతల దాకా పైసా కనబడదు. చూడిగేదె కొన్న మనిషికి ఈనేదాకా దాణా ఖర్చే తప్ప పాల డబ్బు లేదు. డెల్టాలో కూలి కూడా నాట్లప్పుడు, కోతలప్పుడు దండిగా, మధ్యలో పలచగా ఉంటుంది. కాలువ నీటికి వంతు ఉన్నట్టే ఇక్కడి డబ్బుకూ ఒక వంతు ఉంది. వారం కిస్తీ ఆ వంతును లెక్కచేయదు.

గడువు మారిస్తే ఏమవుతుందో కోల్‌కతాలో జరిగిన ఒక ప్రయోగం చూపించింది. ఎరికా ఫీల్డ్, రోహిణీ పాండే, వాళ్ల సహచరులు ఒక సూక్ష్మరుణ సంస్థతో కలిసి, కొందరికి మామూలుగా రెండు వారాలకే కిస్తీ మొదలుపెట్టించారు, మరికొందరికి రెండు నెలలు ఆగి మొదలుపెట్టించారు. ఆగినవాళ్లు వ్యాపారంలో ఎక్కువ పెట్టారు, దాదాపు మూడేళ్ల తర్వాత వాళ్ల లాభాలూ ఎక్కువగా ఉన్నాయి. అయితే బాకీ ఎగ్గొట్టినవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ. 2013లో అచ్చయిన ఈ ఫలితాన్ని కొందరు సందిగ్ధమైనదిగా చూస్తారు. నాకైతే నా వాదనకంతటికీ మూలస్తంభం ఇదే. ఓపిక వల్ల అప్పు తీసుకున్నవాళ్లకు మేలు జరిగింది, అప్పిచ్చినవాళ్లకు నష్టం వచ్చింది. ఆ మేలు నష్టం కంటే పెద్దదే కావచ్చు. అయినా లాభం ఒకరి ఇంట్లో, నష్టం మరొకరి పద్దులో పడుతున్నప్పుడు, వాటాదారులకు జవాబు చెప్పాల్సిన సంస్థ రెండు నెలలు ఆగమంటే ఆగదు. దాన్ని తప్పుపట్టడం కూడా అన్యాయమే. దాని పుట్టుకే అలాంటిది.

మన రాష్ట్రంలో జరిగిందంతా ఈ కోణంలో మళ్లీ చదవవచ్చు. ఉదయ్ కుమార్ పెట్టిన షేర్, గుంటూరులో పద్మజారెడ్డి స్పందన, మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో విక్రమ్ ఆకుల స్వయం కృషి సంగం (ఎస్‌కేఎస్), మూడూ లాభాపేక్ష లేని సంస్థలుగానే మొదలయ్యాయి. సొసైటీకి వాటాలమ్మే వీలుండదు, బ్యాంకులు కొంతమేరకే అప్పిస్తాయి. ఎక్కువమందికి చేరాలంటే కంపెనీగా మారక తప్పదనుకున్నారు. ఆ కోరికలో దురాశ ఒక్కటే చూడడం నాకు ఇష్టం లేదు. కాని కంపెనీగా మారాక పెట్టిన డబ్బుకు రాబడి చూపాలి, రాబడి కోసం వేగం, వేగం కోసం వసూలు. 2006 మార్చిలో పక్కనున్న కృష్ణా జిల్లాలో కలెక్టరు రెండు పెద్ద సంస్థల శాఖలు దాదాపు యాభై మూయించినప్పుడే మొదటి హెచ్చరిక వచ్చింది. వినలేదు. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి. ఒకరి కిస్తీ కట్టడానికి మరొకరి దగ్గర తీసుకోవడం మామూలైంది. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ స్టాక్ మార్కెట్‌లో వాటాలమ్మింది. అక్టోబరులో, వసూళ్ల ఒత్తిడికి ఆడవాళ్లు ప్రాణాలు తీసుకుంటున్నారన్న వార్తల మధ్య, రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. జిల్లాలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది, వారం వసూళ్లకు బదులు నెల వసూళ్లన్నది, ఇంటి గుమ్మం మీదికి వెళ్లరాదన్నది. వసూళ్లు ఒక్కసారిగా కుప్పకూలాయి. ఆ వరదలో మంచి చెడ్డా కలిసే కొట్టుకుపోయాయి. తన లోపాలు తానే బయటపెట్టుకున్న బేసిక్స్ కూడా చితికిపోయింది.

అయితే అప్పును తరిమేయడమే పరిష్కారమా? ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ చేసిన అధ్యయనం దీనికి జవాబు. ఆర్డినెన్స్ దెబ్బకు మన రాష్ట్రంలో ఇరుక్కున్న సంస్థలు, వేరే రాష్ట్రాల్లో కూడా అప్పులివ్వలేకపోయాయి. అలా అప్పు ఎండిపోయిన జిల్లాల్లో కూలి రేట్లు తగ్గాయి. అప్పు తీసుకోని కూలీ కూడా నష్టపోయాడన్నమాట. ఎందుకంటే చిన్న వ్యాపారి చేతిలో డబ్బాడితేనే పక్కవాడికి పని దొరుకుతుంది. సూక్ష్మరుణం మాట ఎత్తితే శపించే మిత్రులు ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలని నా మనవి.

ఇప్పుడు నా వాదనకు వచ్చే అభ్యంతరాలు. చందాల మీద నడిచే సంస్థ ఎంతమందికి చేరగలదన్నది మొదటిది. 2010 సెప్టెంబరులో న్యూయార్క్‌లో, బంగ్లాదేశ్‌లో పేదలకు అప్పులిచ్చే బ్యాంకు పెట్టిన మహమ్మద్ యూనస్, విక్రమ్ ఆకుల ఒకే వేదిక మీద ఈ విషయమే తేల్చుకోబోయారు. కోట్లమందికి కావలసిన డబ్బు పెట్టుబడి మార్కెట్లోనే ఉందని ఆకుల అన్నారు. పేదల నుంచి లాభం తీసి పెట్టుబడిదారులకు పంచడం తప్పు దారి అని యూనస్ అన్నారు. ఆకుల లేవనెత్తిన ప్రశ్న బలమైనదే. దానికి నా జవాబు, స్వచ్ఛంద సంస్థ అందరికీ అప్పివ్వాల్సిన పని లేదు. రోజూ చిల్లర చూసే వ్యాపారాన్ని బ్యాంకుకూ కంపెనీకీ వదిలేయవచ్చు. ఆగాల్సిన వ్యాపారాలు వేరు. అక్కడ దాత ఇచ్చిన రూపాయి అప్పుగా పోవడం కంటే పూచీగా నిలబడడం మేలు. కోటి రూపాయలను ఇరవై వేల చొప్పున అప్పిస్తే 500 మందికి అందుతుంది. ఆ కోటినే, మొదట వచ్చే నష్టం మాది అని బ్యాంకు దగ్గర పూచీగా పెట్టి, నూటికి పది దాకా నష్టాన్ని అది మోస్తే, బ్యాంకు పది కోట్లు ఇవ్వగలదు. 5,000 మందికి అందుతుంది. ఇంకో దారి సభ్యుల సొంత పొదుపు. 1995లో మన రాష్ట్రం తెచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కోసం సహకార వికాస సంస్థ ఏళ్ల తరబడి పోరాడింది. వరంగల్, కరీంనగర్ పల్లెల్లో అది నిలబెట్టిన మహిళా పొదుపు సంఘాలు సభ్యుల డబ్బునే సభ్యులకు అప్పిస్తాయి. అక్కడ అప్పిచ్చేదీ తీసుకునేదీ ఒకరే కాబట్టి, లాభం ఒకరికి నష్టం మరొకరికి అన్న చిక్కు సగం విడిపోతుంది.

డ్వాక్రా ఉండగా స్వచ్ఛంద సంస్థలెందుకన్నది రెండో ప్రశ్న. మన డ్వాక్రా సంఘాలు సాధించినది అసామాన్యం. ప్రపంచంలో ఇంత విస్తారమైన మహిళా పొదుపు ఉద్యమాలు అరుదు. కాని 1992లో నాబార్డు 500 సంఘాలను బ్యాంకులకు కలిపే ప్రయోగం మొదలుపెట్టడానికి ముందే కర్ణాటకలో మైరాడ వంటి స్వచ్ఛంద సంస్థలు ఆ సంఘాల పద్ధతిని పొలాల గట్ల మీద పరీక్షించి చూపాయి. కొత్త పద్ధతిలో మొదటి తప్పులు చేసే స్వేచ్ఛ ప్రభుత్వానికి ఉండదు. పైగా ప్రభుత్వ ఓపిక పంటల క్యాలెండర్‌తో కాకుండా ఎన్నికల క్యాలెండర్‌తో నడుస్తుంది. 2004లో పావలా వడ్డీ, 2012లో వడ్డీ లేని రుణం వచ్చాయి. 2014లో రుణమాఫీ వాగ్దానం వినగానే చాలా సంఘాలు కిస్తీలు ఆపి ఎదురుచూశాయి. మాఫీకీ గడువుకూ తేడా ఉంది. గడువు వ్యాపారం లెక్క ప్రకారం ముందే రాసుకున్న తేదీ. ఆ తేదీన కట్టి తీరాలి. ఓపిక పేరుతో క్రమశిక్షణ చెడగొడతారని నా మీద వచ్చే విమర్శకు కూడా ఇదే జవాబు.

పేదలు అప్పును వ్యాపారంలో పెట్టరు, పెళ్లికీ ఆసుపత్రికీ వాడేస్తారని మూడో మాట. చాలావరకు నిజం. అయితే పల్లెల్లో ఇళ్లకు అప్పు ఎక్కడి నుంచి వచ్చేదో చూడండి. ఆర్డినెన్స్‌కు ముందు ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 1,920 ఇళ్లలో జరిగిన సర్వేలో 93 శాతం ఇళ్లు అప్పులో ఉన్నాయి. వడ్డీ వ్యాపారి, చుట్టం, స్నేహితుడు వంటివాళ్ల దగ్గర తీసుకున్నవి 82 శాతం ఇళ్లు, సూక్ష్మరుణ సంస్థల దగ్గర 11 శాతమే. జబ్బు చేసినప్పుడు నూటికి అయిదు వడ్డీకి తెచ్చుకోవాల్సిన అగత్యం తప్పించడం కూడా వ్యాపారాన్ని కాపాడడమే. కుట్టుమిషను తాకట్టుకు పోకుండా ఉంటుంది.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం మెదక్ నుంచి వస్తుంది. అక్కడ ఎస్‌కేఎస్ అనుబంధ స్వచ్ఛంద సంస్థ కడు పేదలకు అప్పు కాకుండా ఉచితంగానే పశువులిచ్చి, శిక్షణ ఇచ్చి, ఏడాదిన్నర వెంట ఉంది. తర్వాత లెక్క తీస్తే నికరంగా మేలేమీ తేలలేదు. ఆ రోజుల్లో కూలి రేట్లు పెరుగుతున్నాయి. పశువులు రానివాళ్లు కూలికి వెళ్లి అంతే సంపాదించారు, వచ్చినవాళ్లలో చాలామంది పశువులమ్మి పాత అప్పులు తీర్చుకున్నారు. అంటే ఓపిక, దయ, ఉచితం అన్నీ ఉన్నా, ఎంచుకున్న పని ఆ ఊరి కూలి కంటే మెరుగు కాకపోతే ఫలితం ఉండదు. నేను దీన్ని దాటవేయను. సంస్థ మొదట చదవాల్సింది ఆ ఊరి బజారును అని దీని అర్థం.

అలా చదివితే డెల్టాలో చేయగలిగినవి కనబడతాయి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, నర్సాపురం లేసుకు 2024లో. గుర్తింపు వల్ల పెరిగే ధర పొయ్యి దగ్గర కూర్చుని రేకు తీసే మనిషికి చేరుతుందా, చుట్టి అమ్మే దుకాణం దగ్గరే ఆగుతుందా అన్నది ఎవరి దగ్గర ఆగే పెట్టుబడి ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. నెయ్యి, బెల్లం, అట్టపెట్టెలు సొంతంగా కొని, సరుకు అమ్ముడయ్యేదాకా నిలవగలిగితే రేకు తీసే మనిషే అమ్మే మనిషి కాగలదు. లేసుకైతే దారానికి అప్పు, నమూనాలకు శిక్షణ, ఎగుమతిదారుతో ఉమ్మడి బేరం, సరుకు డబ్బు వచ్చిన నెల నుంచి కిస్తీ. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనలు ఇందుకు అడ్డు రావు. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి ఇచ్చే అప్పు కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం మించరాదన్నాయి. కిస్తీ గడువు అప్పు తీసుకునేవారి అవసరం ప్రకారం ఉండేలా విధానం రాసుకోమని కూడా అన్నాయి. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలోని సంస్థలకు 2010 ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు చెప్పాక కంపెనీలకు మళ్లీ దారి తెరుచుకుంది. అవి వస్తే టిఫిన్ బండికి మంచిదే. కౌలురైతు ఇంటికి, లేసు అల్లే ఇంటికి ముందుగా చేరాల్సింది మాత్రం ఆగగలిగినవాళ్లు. రాజమండ్రి, భీమవరం, అమలాపురంలలో ఉన్న దాతలను, ట్రస్టులను నేను అడిగేది ఇదే: మీ నిధిలో ఒక భాగాన్ని ఇలాంటి అప్పులకు పూచీగా పెట్టండి, ఒక్కో వ్యాపారానికి ఎన్ని నెలలు ఆగాలో ఆ వ్యాపారం చేసేవాళ్లతోనే కూర్చుని రాయించండి, ఏటా ఎంత మునిగిందో, ఎందుకు మునిగిందో 2001లో బేసిక్స్ చేసినట్టు అచ్చువేసి ఊళ్లో పంచండి.